నల్లా నీరు వెనక్కి మళ్లితే? బ్యాక్‌ఫ్లో ముప్పు ఏమిటి, ఆపేదెలా?

నల్లా నీరు వీధి లైన్ నుంచి ఇంట్లోకే వస్తుందని అనుకుంటాం. కానీ లైన్‌లో ఒత్తిడి పడిపోతే ఇంట్లోని నీరే వీధి లైన్‌లోకి మళ్లవచ్చు. దీన్నే బ్యాక్‌ఫ్లో అంటారు. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు రోజు విడిచి రోజు నీళ్లు వదులుతారు. సరఫరా ఆగిన ప్రతిసారీ లైన్‌లో ఒత్తిడి పోతుంది. ముప్పు పొంచి ఉండేది అప్పుడే.

ఎలా జరుగుతుంది?

సంపులోకి దిగే పైపు కొస నీళ్లలో మునిగి ఉందనుకోండి. సరఫరా ఆగి లైన్ ఖాళీ అవుతుంటే ఆ పైపు సంపు నీటిని వెనక్కి లాగుతుంది. సంపులో వాననీరు చేరినా, ఎలుక పడినా ఆ మురికి పక్కింటి నల్లా దాకా వెళ్లవచ్చు.

నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ముప్పు మరోలా వస్తుంది. మోటారు లాగే ధాటికి పైపు పగుళ్లలోంచి చుట్టుపక్కల మురుగు లోపలికి చేరుతుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై పలువురు ప్రాణాలు కోల్పోయారు. మంచినీటి లైన్‌లోకి మురుగు చేరితే జరిగే నష్టం నగరానికి తెలియనిది కాదు.

ఆపేదెలా?

* గాలి ఖాళీ: సంపులో నీరు ఎంత నిండినా పైపు కొసకు తగలకూడదు. మధ్య ఎడం పైపు వ్యాసానికి కనీసం రెండింతలు ఉండాలి. ఇంతకంటే చవకైన, నమ్మకమైన మార్గం లేదు.
* నాన్ రిటర్న్ వాల్వ్: నీటిని ఒకవైపే వెళ్లనిస్తుంది. ఇసుక, తుప్పు ఇరుక్కుంటే సరిగా మూసుకోదు. అప్పుడప్పుడూ చూపించుకోవాలి.
* రిడ్యూస్డ్ ప్రెషర్ పరికరం: రెండు వాల్వులు, వాటి మధ్య నీటిని బయటికి వదిలే రంధ్రం ఉంటాయి. ఆసుపత్రులు, రసాయన పరిశ్రమల వంటి చోట్లకు తగినది. అమెరికాలోని చాలా నగరాల్లో వీటికి ఏటా పరీక్ష తప్పనిసరి.

అసలు చిక్కు ఎక్కడ?

మీ ఇంట్లో వాల్వు బిగిస్తే ముందుగా మేలు జరిగేది పక్కింటివారికి. ఖర్చు ఒకరిది, రక్షణ మరొకరిది. అందుకే దీన్ని ఇంటి యజమాని ఇష్టానికి వదిలేస్తే పని జరగదు. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడే మీటరుతోపాటు వాల్వు కూడా బిగించి, సంపు పైపు ఎత్తును చూసి వెళ్లడం తేలికైన పని. మోటార్ల విషయంలో మాత్రం ఏ వాల్వూ సాయం చేయదు, తీసేయడమే మార్గం. 2025 ఏప్రిల్‌లో జలమండలి వీటిపై తనిఖీలు మొదలుపెట్టి, రూ.5 వేల జరిమానా ప్రకటించింది. అయితే జనం మోటార్లు బిగించేది నీళ్లు సన్నగా వస్తున్నందుకే. తగిన ఒత్తిడితో సరఫరా అందనంత కాలం జరిమానాలతోనే ఇది ఆగదు.