విస్తరిలోని విశ్వాసములు

చేదు తినినచో ఒంటిలోని తీపి విరుగునన్న నమ్మకము మన గోదావరి మండలములలో ఎంత గాఢముగా పాతుకొన్నదనగా, షుగరు వచ్చినదని తెలిసిన మరునాటి ఉదయమే ఇంటి పెద్దలు కాకరరసము గ్లాసుతో సిద్ధమగుదురు. ఆ రసము త్రాగి మొగము చిట్లించుకొన్న మనుష్యుడే గడియ తిరుగకముందే నాలుగు ఇడ్డెనలును, పైన ఒక అట్టును తిని, తాను పథ్యము తప్పలేదని నిశ్చింతగా నుండును. విరుద్ధములచేత విరుద్ధములు నశించునను ప్రాచీన భావన ఈ నమ్మకమునకు మూలము. కాని నాలుకకు తోచు రుచికిని, రక్తములో తిరుగు గ్లూకోజునకును అట్టి వైరమేదియు లేదు. బియ్యము నోటికి తియ్యగా నుండదు. అయినను 100 గ్రాముల బియ్యములో 78 గ్రాముల పిండిపదార్థము కలదు. అది ప్రేగులలో విచ్ఛిన్నమై గ్లూకోజుగానే రక్తమున చేరును. కాకరకాయను తినవలదని నేననుట లేదు. అది మంచి కూర. దానిని తినిన పుణ్యము ఇడ్డెనల ఖాతాలో చెల్లునను లెక్క మాత్రమే తప్పు.

కడియము నర్సరీలలో కుండీలకెక్కి ఇంటింటి పెరటికి చేరిన ఇన్సులిన్ మొక్క సంగతి ఇంతకంటె విచారింపదగినది. రోజుకొక ఆకు నమిలినచో సూదితో పనియుండదని చెప్పుకొందురు. ఇన్సులిన్ మాంసకృత్తుల జాతికి చెందిన పదార్థము. నోటిద్వారా లోపలికి పోయినచో జీర్ణాశయము దానిని కందిపప్పును అరగించుకొన్నట్లే ముక్కలు చేసి అరగించుకొనును. కావుననే 1922 జనవరిలో టొరంటో నగరమున లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు తొలిసారిగా ఎక్కించిననాటి నుండి నేటివరకు దానిని ప్రధానముగా సూదిమందుగానే ఇచ్చుచున్నారు. ఆ ఆకులో ఇన్సులిన్ లేదు. ఉన్నను నమిలి మ్రింగినవారికి దానివలన ఫలము లేదు. మరియొక గుణమేదైన నుండవచ్చును గదా యని యడుగువారికి నా సమాధానము ఒక్కటే: ఉండవచ్చును, పరీక్షింపుడు.

ఆకును తృణీకరించుట హేతువాదము కాదు. నేడు లోకమంతట మధుమేహమునకు మొదట వ్రాసి ఇచ్చు మెట్‌ఫార్మిన్ మాత్రకు పుట్టుక, ఐరోపా బీళ్ళలో పెరుగు గలీగా అను మొక్కలోని ఒక రసాయనమును గూర్చిన పరిశోధనమే. ఆ రసాయనము విషప్రాయమని తేలగా, దానిని పోలి అపాయము తక్కువైన పదార్థమును కూర్చి, మోతాదు నిర్ణయించి, రోగులయందు పరీక్షించిన పిమ్మట అది మందైనది. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు యౌవనమున స్ప్రూ అను జీర్ణవ్యాధికి చిక్కి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొని, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పినవారు. తన ప్రాణము నిలిపిన వైద్యమునకు కృతజ్ఞుడై యుండుటతో ఆయన పని ముగిసిపోలేదు. తరువాత హార్వర్డునకు పోయి, సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరములు శక్తిని నిలువచేసికొను ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనెను. మన జిల్లావాడని ఆయన చిత్రపటమునకు పూలదండ వేయువారు, పొడపత్రి చూర్ణమును, నేరేడుగింజల పొడిని అమ్మువానిని ‘దీనిని ఎందరియందు పరీక్షించితివి, ఎవరితో పోల్చి చూచితివి’ అని యడుగుటకు ఎందులకు సంకోచింపవలెనో నాకు తెలియదు.

అయితే ఈ మూలికలన్నింటికంటె బలీయమైన విశ్వాసము మన భోజనపు టమరికలోనే యున్నది. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో మొదటి మారు అన్నము. కూరతో రెండవ మారు. పులుసుతోనో చారుతోనో మూడవ మారు. గడ్డపెరుగుతో నాల్గవ మారు. ఒక్కొక్క వ్యంజనము వచ్చినప్పుడెల్ల క్రొత్తగా అన్నము పడవలసినదే. మన విస్తరిలో కూర అన్నమునకై పుట్టినది గాని అన్నము కూరకై పుట్టలేదు. రెండు మారులతో చాలించి లేవబోవు వానిని ఇంటి ఇల్లాలు ఊరకుండనీయదు: “అదేంటి బావగారూ, పెరుగన్నం తినకుండా లేస్తారా? ఇంకో ముద్ద వేస్తాను, ఉండండి!” అనును. ఆ పిలుపులో నున్నది నిండైన ఆదరము. దానిని కాదనుట అవమానమని ఇరువురును నమ్ముదురు. ఈ నాలుగు మారులకు కలిపి 150 గ్రాముల బియ్యము ఉడికినదనుకొందము. అందు పిండిపదార్థము 117 గ్రాములు. టీ చెంచాకు 5 గ్రాముల చొప్పున లెక్కించినచో, రక్తమునకు అది సుమారు 23 చెంచాల పంచదారతో తుల్యమగు భారము. కాఫీలో ఒక చెంచా మానుకొని, తాను తీపిని విసర్జించితినని గర్వించువారు ఈ గుణకారమును ఒకసారి కాగితముమీద వేసికొని చూడవలయును.

అన్నమును మాని చపాతీలకు మారినవారిదియు ఇంచుమించు ఇదే కథ. గోధుమపిండిలో పిండిపదార్థము నూటికి 65 పాళ్ళకు అటునిటుగా నుండును. చోళ్ళలోను, జొన్నలలోను దానికి మిక్కిలి తక్కువ లేదు. అయినను చపాతీలకు మారిన కొందరికి షుగరు తగ్గుట నిజము. గోధుమలో నున్న మహిమ దానికి కారణము కాదు; చపాతీలను లెక్కపెట్టి తినుదురు, అన్నమును ఎవరును లెక్కపెట్టరు. శనివారము ఒంటిపూట యుండువారు రాత్రి అన్నము ముట్టక ఉప్మాయు, దిబ్బరొట్టెయు తిని ఉపవాసఫలమును పొందితిమనుకొందురు. రవ్వ పిండిపదార్థమే, రొట్టెలో మినపపప్పుతో కలిసినదియు బియ్యపురవ్వయే. ఆత్రేయపురపు పూతరేకులలో పంచదారవి కూడవుగాని బెల్లపువి షుగరువారును తినవచ్చునని పలుకు పెద్దమనుష్యులు కలరు. బెల్లములో నూటికి 80 పాళ్ళకు పైగా చక్కెరయే కలదు, తేనెయును ఆ దాపునకే చేరును. ఇక అన్నవరపు ప్రసాదము విషయమున, ‘ప్రసాదమునకు దోషము లేదు’ అని ఆకుపొట్లమంతయు ఆరగించువారితో నేను భక్తిని గూర్చి వాదింపబోను. చిటికెడు కన్నుల కద్దుకొని నోట వేసికొన్నను ప్రసాదమే యని వారి శాస్త్రమే చెప్పుచుండగా, మిగిలిన పొట్లమును తినిపించునది భక్తి కాదని మాత్రము మనవి చేసెదను.

మా తాతలు మూడుపూటల అన్నమే తినిరి, వారికి లేని షుగరు మాకెందుకు వచ్చెనని యడుగుట ఈ ప్రాంతమున పరిపాటి. ఆ తాతలు ఎవరు? కాటన్ దొర 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించక పూర్వము ఈ డెల్టా కరవులకు లోనైన సీమ. కాలువలు వచ్చి వరి విస్తరించిన తరువాత సైతము మూడుపూటల తెల్లని యన్నము భూవసతి గలవారి భాగ్యమే. కూలివానిది చోడిఅంబలి, జొన్నసంకటి, గంటెల యన్నము. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన తరువాతనే పేద కుటుంబములకు వరియన్నము నిత్యాహారమైనది. అది ఆకలిని తీర్చిన మహోపకారము. దానిని నేను నిందింపను. కాని రోజంతయు నాగలి వెనుక నడచి, దంపుడు బియ్యము తినిన దేహమును, మోటారు బండిమీద తిరిగి, పాలిషు పట్టిన బియ్యము తిను దేహమును ఒకే సంప్రదాయపు పేర సమానము చేయుట చరిత్రకు విరుద్ధము. సంప్రదాయమే ప్రమాణమనువారికి సుశ్రుతుని చూపవచ్చును. పుట్టుకతో వచ్చు ప్రమేహమును, అపథ్యమువలన వచ్చు ప్రమేహమును ఆయన వేరుచేసి చెప్పెను. ధనహీనుడైన రోగిని గొడుగు, పాదరక్షలు లేక నూరు యోజనములు నడువుమని విధించెను. ఆయన పేర చూర్ణములమ్మువారెవరును ఆ నూరు యోజనముల మాట ఎత్తరు.

అన్నమంతయు శత్రువే యనుటయు పొరపాటే. పశ్చిమగోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానమున రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ రకము, రక్తములో చక్కెరను నెమ్మదిగా పెంచు బియ్యములలో ఒకటియని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు 2011లో ప్రకటించిరి. మన పొలములోనే పండు ఈ గింజ సంగతి తెలియక ‘షుగర్ ఫ్రీ బియ్యము’ అను సంచికి మూడింతల ధర పోయువారిని చూచినప్పుడు బాధ కలుగును. నెమ్మదిగా పెంచుననగా పెంచదని అర్థము కాదు. ఎంత తినినామన్నది ఏ రకమునకైనను వర్తించు ప్రశ్నయే.

ఇప్పుడు క్రొత్త విశ్వాసమునకు వచ్చెదము. 2018 ప్రాంతమున వీరమాచినేని రామకృష్ణ గారు ఊరూర సభలు పెట్టి, అన్నము, రొట్టె, పండ్లు, పప్పులు సమస్తము విడిచి, రోజుకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిన్ మాత్రలు తీసికొనుమని బోధించినప్పుడు గోదావరి జిల్లాలలో ఆ మాట దావానలమువలె వ్యాపించినది. కొబ్బరికాయలకు పేరువడిన కోనసీమలో, వంటకు ఎన్నడును వాడని కొబ్బరినూనెను గ్రుక్కలుగా త్రాగిరి. ఆయన వైద్యుడు కాడన్న ఆక్షేపణను నేను అంగీకరింపను. పట్టము లేనివాడు సత్యము చెప్పకూడదన్న నియమము లేదు. ఆయన మూలభావము నిరాధారమును కాదు. స్కాట్లండునకు చెందిన సైనికవైద్యుడు జాన్ రోలో ఒక మధుమేహరోగికి మాంసాహారమిచ్చి మూత్రములోని చక్కెరను తగ్గించిన సంగతిని 1797లోనే ప్రకటించెను. 1870–71లో పారిస్ ముట్టడిలో రొట్టె కరవైనప్పుడు తన రోగులు కుదుటపడుటను బుషార్దా అను వైద్యుడు గమనించెను. ఇన్సులిన్‌కు ముందు అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ నిరాహారప్రాయమైన పథ్యముతో పిల్లల ప్రాణములను కొన్ని నెలలు, కొన్ని యేండ్లు నిలిపెను. పిండి తగ్గినచో చక్కెర తగ్గును. మన వైద్యులలో పెక్కురు ‘తీపి తగ్గించండి’ అని చీటి చింపి ఇచ్చి, అన్నపు కొలత చెప్పక ఊరకుండిరి. ఆ మౌనమే సభలను నింపినది.

నా అభ్యంతరము నిదర్శనముల విషయమున. వేదికమీదికి వచ్చి ‘నా మాత్రలన్నియు మానివేసితిని’ అని చెప్పినవారు కనబడుదురు. రెండు వారములు చేసి విడిచినవారు, కళ్ళు తిరిగి ఆసుపత్రిలో చేరినవారు, ఏడాదికి మరల మొదటికి వచ్చినవారు వేదిక నెక్కరు. మ్రొక్కుబడి తీరినవారి తలనీలాలనే లెక్కపెట్టి దేవుని మహిమను నిర్ణయించు పద్ధతికిని దీనికిని భేదమేమి? 23 పరీక్షలను కలిపి 2021లో పరిశీలించినవారికి కనబడినదేమనగా, పిండి బాగుగ తగ్గించినవారిలో ఆరు నెలల నాటికి ఫలితము ఇతర పథ్యములకంటె మెరుగు. ఏడాది నాటికి ఆ మెరుగు చాలవరకు సన్నగిల్లినది. బ్రిటనులో 306 మందితో జరిగిన డైరెక్ట్ అను పరీక్షలో, రోజుకు సుమారు 850 కెలోరీల ద్రవాహారముపై కొన్ని నెలలుంచినవారిలో నూటికి 46 మంది ఏడాది నాటికి మందులు లేకయే మధుమేహపు హద్దునకు లోబడి యుండిరి. ఆ ద్రవాహారములో సగమునకు పైగా శక్తి పిండిపదార్థములదే! అనగా బరువు తగ్గి, కాలేయమునందలి కొవ్వు కరుగుటయే అచ్చట పనిచేసినది. పిండి యొక్కటే పాపము, కొవ్వు యొక్కటే మోక్షము అను సిద్ధాంతము ఈ ఫలితము నెదుట నిలువదు.

మరియు అపాయము. గ్లిమిపిరైడ్ వంటి మాత్రగాని ఇన్సులిన్‌గాని తీసికొనుచున్నవాడు మోతాదు మార్చుకొనక ఒక్కసారిగా అన్నము మానినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి పిండి మాని కొవ్వు తిను కఠినమైన కీటో పథ్యమున, మీటరుపై అంకె సామాన్యముగా నున్నను, రక్తము ఆమ్లమయమగు ప్రమాదము కలదు. బాల్యముననే మధుమేహము వచ్చిన పిల్లలకు ఇన్సులిన్ ప్రాణాధారము. ‘ఇన్సులిన్ మొదలుపెట్టినచో ఇక కడపటి దశయే’ యను భయముతో దానిని మాన్పించి నూనె పట్టించుట హత్యతో సమానము. ఈ మాటను నేను మెత్తగా చెప్పజాలను. పథ్యము మార్చదలచినవాడు ముందు తన వైద్యునితో మాత్రల లెక్క సరిచేసికొనవలయును. అటుపిమ్మట అరచేతిలోని చిన్న మీటరు ఉన్నది: భోజనమునకు ముందు ఒక బొట్టు, రెండు గంటల తరువాత ఒక బొట్టు. మార్టేరు బియ్యము రెండు మారులు తినిననాడు ఎంత, పెసరట్టు తినిననాడు ఎంత, కూర నాలుగు గరిటెలు, అన్నము ఒక్క గరిటె తినిననాడు ఎంత, ఈ మూడింటిని నోటుపుస్తకములో వ్రాసికొని, మూడు నెలల షుగరు పరీక్షతో సరిపోల్చుకొన్నవానికి ఏ స్వామియు, ఏ సభయు అక్కరలేదు.

కడపట, ఈ వ్యాధిని పూర్వజన్మ కర్మమనువారును, తిండిపోతుతనమనువారును నాకొక్కటిగనే తోచుదురు. ఇరువురును రోగినే దోషిని చేయుదురు. నాట్లకు పోవు స్త్రీకి షుగరు వచ్చినదనుకొందము. ఆహార భద్రతా చట్టము క్రింద ఆమె ఇంటికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము వచ్చును. మన సీమలో అది బియ్యమే. కూరకంటె అన్నము చౌకగా నున్నంతకాలము విస్తరిలో అన్నమే ఎక్కువగా నుండును. మాంసము, మీగడ, బాదము తినుమని ఆమెకు చెప్పుట ఆమెను ఎగతాళి చేయుటయే. చౌకదుకాణములో ఆ బియ్యపు సంచి ప్రక్కన కందిపప్పును, గ్రుడ్లను, వేరుసెనగలను ఆమె కొనగల ధరకు ప్రతినెల తప్పక ఉంచవలసినదని, పథ్యసభలకు వేలుగా కదలివచ్చిన మనము ఆ యుత్సాహముతోనే తాసిల్దారు కచేరి ముందు నిలిచి అడుగవలసి యున్నది.