సంపాదకీయం: పిల్లల చదువు, పెద్దల భయము

2025 సెప్టెంబరు 19న వెలువడిన లక్ష డాలర్ల హెచ్-1బీ వీసా రుసుము ప్రకటన మొదలుకొని అమెరికాలోని మన సంఘసభ్యుల ఇండ్లలో నిద్ర కరవైనదనియు, హైదరాబాదు మల్లాపూరునుండి, నాచారమునుండి పెద్దలు వేళకానివేళ ఫోనుచేసి కుశలమడుగుచున్నారనియు మేమెరుగుదుము. ఆ భయమునకు మందు ఈ పుటలలో లేదు. అయినను దానినంతయు తెచ్చి పిల్లల కళాశాల దరఖాస్తులపై మోపుట న్యాయము కాదని విన్నవింపక తప్పదు.

మా అమ్మాయి ఈ యేడు చిత్రకళను, గణాంకశాస్త్రమును, విజ్ఞానమును సామాన్యులకు బోధపరచు విద్యను జోడించిన కోర్సును కోరినది. ఇంట కొన్నాళ్లు మాటలు లేవు, మల్లాపూరులోని తాతగారు సైతము "కంప్యూటరు చదివిన చాలదా తల్లీ?" అని వాపోయినారు. ఇదే కలహము అనేక గృహములలో నడచుచున్నదని మీ ఉత్తరములవలన గ్రహించితిమి.

అయ్యలారా, అమ్మలారా, ఈ జోడింపు మనకు క్రొత్తదా? పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మన కాలమున కొడవటిగంటి రోహిణీప్రసాద్ భాభా అణుపరిశోధన కేంద్రమున భౌతికశాస్త్రవేత్తగా పనిచేయుచు, సితారు వాయించుచు, విజ్ఞానమును తేటతెలుగులో వివరించినాడు. మనము బస్సు కిటికీనుండి చూచుచు దాటిపోయిన హబ్సిగూడలోని సీసీఎంబీ జీవశాస్త్ర పరిశోధనశాలలో, వ్యవస్థాపక సంచాలకుడైన పుష్పమిత్ర భార్గవ ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రమునకు చోటిచ్చినాడు. నేడు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కంప్యూటరు శాస్త్రమును మానవీయశాస్త్రములతో కలిపి బోధించుచున్నది. స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయమున 2009లో నెలకొని, నటుడు ఆలన్ ఆల్డా పేర వెలసిన కేంద్రము, ఎదుటివాని ముఖమును చూచి మాటను మలచుకొనుటకై శాస్త్రవేత్తలచేత రంగస్థలపు ఆశు అభినయమును అభ్యసింపజేయుచున్నది.

అట్లని కోర్సు పేరు చూచి మురియవలదు, పాఠ్యప్రణాళికను చదువుడు. సంభావ్యత, గణాంకములు తప్పనిసరియా? నిజమైన అంకెలతో గ్రాఫు గీసి, దానిని పదుగురికి వివరింపవలసిన పని యున్నదా? గ్రాఫు నిలువుగీతను సున్నవద్దగాక నడుమ మొదలిడినచో స్వల్పమైన పెరుగుదలయు పర్వతమువలె కనబడును. ఆ మోసమును పట్టుటకు లెక్కయు, సరిగా గీయుటకు చిత్రకళయు, చెప్పుటకు మాటయు కావలెను. లెక్క తప్పించుకొనుటకే ఇట్టి చదువు కోరిన బిడ్డను మందలింపుడు. మూడింటిని మోయ సిద్ధపడిన బిడ్డను మాత్రము, మీ కాళ్లు మ్రొక్కెదము, అవమానింపకుడు. మనము చదివిన చదువునకు కొలువు శాశ్వతమని మనకెవరు వ్రాసి యిచ్చిరి?

ఇక సంఘవిషయములు. చిరునామా మారినవారు కార్యదర్శికి తెలుపవలెనని కోరెదము. రుసుము బాకీయున్నవారు ఈ నెలలోనే చెల్లింపవలెను, మరల మరల అడుగుట మాకును సిగ్గుగా నున్నది. అచ్చుతప్పులు దిద్దిన సోదరీమణులకు, సంచికలను కవర్లలో పెట్టి తపాలాకిచ్చిన యువకులకు కృతజ్ఞతలు. రాబోవు సంచికలో యువసభ్యులకై రెండు పుటలు కేటాయించితిమి: ఏదేని ఒక లెక్కను బొమ్మగా గీసి, అవ్వతాతలకు బోధపడునట్లు తెలుగులో వివరించి పంపవలెను. భాషాదోషములు మేము దిద్దుకొనెదము. తల్లిదండ్రులు మాత్రము వ్రాసిపెట్టరాదు.