సభలోని వాక్కు, సభ్యుని ఓటు

శాసనసభలలో జరుగు చర్చలు వట్టి లాంఛనములనియు, ఓటింగు ఫలితము ముందే తెలిసియుండగా ఉపన్యాసములెందులకనియు విజ్ఞులు సయితము పలుకుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. అయితే ఆ దోషము చర్చకు సహజమైనదా, మనము చేసికొన్న చట్టమువలన వచ్చినదా? 1940 మే 7, 8 తేదీలలో బ్రిటిషు కామన్సు సభలో జరిగిన నార్వే చర్చను పాఠకులు ఒకసారి పరిశీలింపవలెనని మా కోరిక.

ఆ యేడు ఏప్రిల్ 4న ప్రధాని ఛేంబర్లేన్, హిట్లరు అదను జారవిడుచుకొనెనని తన పక్షమువారితో పలికెను. అయిదవనాడే జర్మను సేనలు నార్వేలో దిగెను. మే మొదటివారమునకు బ్రిటిషు సేన మధ్య నార్వేనుండి మఱలిపోవలసివచ్చెను. అయినను సభలో ప్రభుత్వమునకు రెండువందల పైచిలుకు ఆధిక్యముండుటచే ఛేంబర్లేన్ ధీమాతోనే యుండెను.

మొదటినాటి సాయంకాలము లియోపోల్డు ఏమరీ లేచెను. ఇతడు ప్రతిపక్షి కాడు. ప్రధానికి స్వపక్షీయుడు, ఆయనవలెనే బర్మింగుహామునుండి యెన్నికైనవాడు, చిరకాల మిత్రుడు. గొప్ప వక్తయను పేరును లేదు. భోజనవేళ యగుటచే సభ సగము ఖాళీ. ఆయన పరాజయ కారణములను ఒక్కొక్కటిగా విప్పిచెప్పుచుండగా సభ్యులు తిరిగివచ్చి నిండిరి. తుదకు 1653లో క్రాంవెల్ పార్లమెంటును వెడలగొట్టునపుడు పలికిన మాటలనే ప్రధానిపై ప్రయోగించి, ఇంక దయచేయుడనెను. మఱునాడు ఛేంబర్లేన్, సభలో తనకు మిత్రులు కలరని పలికి కీడు కొనితెచ్చుకొనెను. దేశమునకు ప్రాణసంకటమైనపుడు స్నేహముల లెక్కయేమని వృద్ధుడగు లాయిడ్ జార్జి గద్దించెను. నౌకాశాఖామంత్రి చర్చిల్ చర్చను ముగించుచు ప్రభుత్వమును గట్టిగా సమర్థించెను. నార్వే వ్యవహారములో ఆతని బాధ్యత తక్కువది కాదు; ఫలము దక్కినదియు నాతనికే!

ఓటింగులో ప్రభుత్వమే గెలిచినది: 281కి 200. కాని ఆధిక్యము 81కి దిగినది. ప్రభుత్వపక్షీయులు 41 మంది ఎదురు ఓటు చేసిరి, మఱికొందఱు మిన్నకుండిరి. 9వ తేదీన వారసుని విషయము ఒక గదిలో నలుగురు కూర్చుండి తేల్చుకొనిరి. తాను ప్రభువుల సభలోనివాడగుటచే వలనుపడదని హాలిఫాక్సు తప్పుకొనెను. ఛేంబర్లేను క్రింద పనిచేయమని లేబరు పక్షము తెగవేసి చెప్పెను. 10వ తేదీ సాయంకాలమునకు చర్చిల్ ప్రధాని యయ్యెను. పక్షనాయకత్వము మాత్రము అక్టోబరువఱకు ఛేంబర్లేనుకే యుండెను. పక్షము చీలలేదు, ఎదురు ఓటు చేసినవారి సభ్యత్వమును పోలేదు.

ఏమరీ గోరఖ్‌పూరులో పుట్టినవాడు. వారము తిరుగకమునుపే ఇండియా వ్యవహారముల మంత్రియై 1945 వఱకు నుండెను. తన ప్రధానిని పొమ్మన్న నోటితో తన ప్రభుత్వమును భారతదేశమునుండి పొమ్మనుట యాతనికి తోచలేదు. అది వేఱు సంగతి.

ఇక మన మాట. 1985లో 52వ సవరణచే రాజ్యాంగమున పదవ షెడ్యూలు చేరినది. పక్షాదేశమునకు విరుద్ధముగ ఓటు చేసినను, చేయక యూరకున్నను, పక్షము పదునైదు దినములలో క్షమింపనిచో సభ్యత్వము పోవును. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీముకోర్టు దీనిని సమర్థించుచు, మంత్రివర్గ విశ్వాసమో, పక్షముయొక్క ముఖ్య విధానమో తేలవలసినపుడే యిది వర్తింపవలెనని అర్థము చెప్పెను. నార్వే చర్చ పేరునకు వాయిదా తీర్మానమేయైనను అందఱును దానిని విశ్వాసపరీక్షగనే యెంచిరి. కావున ఏమరీ మన లోక్‌సభలోనుండినచో ప్రధానికంటె ముందు తానే వెడలిపోవలసినవాడు.

ఈ చట్టము ఊరక పుట్టలేదు. 1967లో హర్యానాలో ఒకే సభ్యుడు కొలది దినములలో పలుమార్లు పక్షములు మార్చెను. 1984 ఆగస్టులో హైదరాబాదున ప్రభుత్వము చేతులుమాఱి నెల దినములకు మఱల రామారావుగారికి దక్కువఱకు జరిగిన తతంగమును తెలుగువారు మఱవలేదు. పదవికై కండువా మార్చువానిని శిక్షింపుడు, మేము కాదనము. పక్షమును వీడక, నాయకుడు దారితప్పెనని నిండుసభలో చెప్పువాడు ద్రోహి యెట్లగును? ఏమరీకి పదవి రాలేదా యందురేమో. అట్లయిన ఎదురు ఓటు చేసినవానికి ఆ సభ ముగియువఱకు పదవి పనికిరాదని శాసింపుడు, ఓటును బంధింపనేల?

1954 నవంబరులో కర్నూలున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటుతో కూలినది. నేడో, నాయకుల మార్పు సభలో గాక హోటళ్లలో సంతకముల కాగితములపై జరుగుచున్నది. మూడింట రెండువంతులమంది మూకుమ్మడిగ వేఱొక పక్షములో విలీనమైనచో నేరము లేదట. ఒక్కడు తన మనస్సాక్షికి గట్టువడినచో నేరమట! 1990లో దినేశ్ గోస్వామి సంఘము, పక్షమును స్వయముగ విడిచినవారికిని, విశ్వాస, అవిశ్వాస తీర్మానములపై పక్షమును ధిక్కరించినవారికిని మాత్రమే యీ శిక్ష యుండవలెనని సూచించెను. షెడ్యూలులో ఆ మార్పు నేటికిని రాలేదు. వచ్చినను, ఏమరీకిని, ఆ నలువదిమంది తోడివారికిని అది యక్కఱకు వచ్చెడిది కాదు.