మాత్రయు భోజనమును

అనకాపల్లి యనగానే బెల్లపు దిమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రాంతపు వంటింట బెల్లము నిత్యవస్తువు. మధుమేహము గలవారి యిండ్లలో సయితము "పంచదార మానితిమి, బెల్లమే వాడుచున్నాము" అను మాట వినబడుచుండును. బెల్లములో నధికభాగము చక్కెరయే గదా! అయినను నేడు చెప్పదలచినది, మందు పడలేదని మాత్రలు మానివేయు సోదరీమణులను గూర్చి.

మెట్‌ఫార్మిను మాత్రను మధుమేహ రోగులకిచ్చి, ఆ ఫలితములను 1957లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ ప్రకటించెను. దీనిని కాఫీతో ఖాళీకడుపున మ్రింగినచో కొందరికి వికారము, విరేచనములు కలుగును. భోజనము నడుమ గాని, తిన్నవెంటనే గాని పుచ్చుకొన్నచో నా బాధ చాలవరకు తగ్గును. వైద్యులు తక్కువ మోతాదుతో నారంభించి క్రమముగా హెచ్చించుట యిందులకే. అప్పటికిని తగ్గనిచో మెల్లగా కరగు రకము కలదు. వైద్యుని అడుగవలయును గాని తమంత తాము మానరాదు. దీర్ఘకాలము వాడినచో బి-12 విటమిను తగ్గవచ్చును. శాకాహారులు పాలు, పెరుగు విడువక, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

అకార్బోసు, వోగ్లిబోసు అను మాత్రల తీరు వేరు. ఇవి పిండిపదార్థములు, చక్కెర ప్రేగులలో త్వరగా జీర్ణము కాకుండ నడ్డగించును. జీర్ణముకాని భాగము పెద్దప్రేగును జేరి పులియును. కావున అన్నము, తీపి యెక్కువైనకొలది కడుపుబ్బరము హెచ్చును. నింద మాత్రమీద పడును!

గ్లిమిపిరైడు వంటి మాత్రల విషయమున మాత్రము ఏమరుపాటు పనికిరాదు. ఇవి శరీరములో ఇన్సులినును హెచ్చుగా నూరించును. మన యిల్లాండ్రు ఉదయమే మాత్ర మ్రింగి, అందరకు వడ్డించి, మధ్యాహ్నము దాటిన పిమ్మట తినుట కద్దు. కార్తిక సోమవారము వచ్చినదా, నక్షత్రదర్శనము వరకు పస్తే. రక్తములో చక్కెర పడిపోయి చెమట, వణకు, కన్నులు తిరుగుట, మాట తడబడుట కలుగును. ఉపవాసమునకు ముందే వైద్యునితో చెప్పి మోతాదు మార్పించుకొనవలయును.

అట్టి లక్షణములు కనబడినచో వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రావి, పావుగంటకు మరల పరీక్షింపవలయును. అకార్బోసుగాని వోగ్లిబోసుగాని కలిపి వాడువారికి పంచదార, బెల్లము త్వరగా పనిచేయవు. గ్లూకోజు పొడియే కావలయును. ఆ పొట్లము పోపులపెట్టె ప్రక్కనే యుంచుడు. తెలివి తప్పినవారి నోట నేమియు పోయక, తక్షణమే ఆసుపత్రికి గొనిపోవుడు.