ఎత్తు సరే, మరి వెనక్కి దారి?

హోట్గి రోడ్ వైపు మా గల్లీలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతుంది. నాకు వరసకు చెల్లెలు. ఐదడుగుల పది అంగుళాలు, ఇంకా పెరుగుతూనే ఉంది. చిన్నమ్మ బీడీలు చుడుతుంది, చిన్నాయనకు టవల్ కార్ఖానాలో రాత్రి పాళీ. పోయిన నెల స్కూళ్ల పోటీల్లో ఈ పిల్ల బాస్కెట్‌బాల్ ఆడటం చూసి, వేరే ఊరి అకాడమీ వాళ్లు "మా దగ్గరికి పంపండి, తిండీ బట్టా మేమే చూసుకుంటం" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. "ఆడపిల్లను గంత దూరం ఎట్ల పంపుతం?" అని నాయనమ్మ. "నా లెక్క జిందగీ అంతా మగ్గం ముందర నిలబడాల్నా?" అని చిన్నాయన. పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే పోతాననే అంటుంది, అందుకే అడగలేదేమో!

అదే వారం మన కామన్ రూమ్‌లో ఇంకో వాదన నడిచింది. చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యుఎన్‌బిఏలో 2025 డ్రాఫ్ట్ అప్పుడు సియాటిల్ స్టార్మ్ జట్టు రెండో నంబరులోనే డొమినిక్ మలోంగాను తీసుకుంది. కామెరూన్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన అమ్మాయి. అప్పటికి 19 ఏళ్లు, అంటే మనలో చాలామంది కంటే చిన్నది. "అంత చిన్నదాన్ని, అదీ పరాయి దేశపు దాన్ని, అంత ముందు నంబరులో తీసుకోవడమా? కాలేజీలో నాలుగేళ్లు ఆడి తయారైన పిల్ల బోలెడు మంది ఉన్నారు కదా" అని ఒక జట్టు. "ఇప్పుడు తీసుకోకపోతే పక్కవాడు ఎత్తుకుపోతాడు" అని ఇంకో జట్టు. నేను ఆ రోజు రెండో జట్టులో గట్టిగా అరిచాను. ఇప్పుడు అంత గట్టిగా అరవలేను.

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆటగాళ్లు జట్టును ఎంచుకోరు, జట్లే వంతులవారీగా వాళ్లను ఎంచుకుంటాయి. కిందటి ఏడు ఓడినవాళ్లకు సాధారణంగా వంతు ముందు వస్తుంది. పెళ్లిచూపుల్లాంటిదే, కాకపోతే ఇక్కడ కట్నం జట్టువాళ్లే ఇస్తారు. ఇందులో ఒక వింత రూల్ కూడా ఉంది. అమెరికా అమ్మాయికి ఆ ఏడాదికి 22 నిండాలి, లేదా డిగ్రీ కావాలి. బయటి దేశపు అమ్మాయికి ఆ ఏడాది 20 నిండితే చాలు. ఇంటి పిల్లకు చదువు అయ్యాక ఆట, బయటి పిల్లకు ఆటే ముందు. ఇది ఎవరికి మేలు చేయడానికో మీరే ఆలోచించండి.

వాదనలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: జట్టుకు లాభమా నష్టమా? తీసుకోబడిన మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఎత్తాలంటే సత్నామ్ సింగ్ దగ్గరికి రావాలి. పంజాబ్‌లో బల్లో కే అనే చిన్న పల్లె ఆయనది. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. వాళ్ల నాన్న కూడా అంత ఎత్తేనట. కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడమని ఎవరో చెబితే, ఆయన తండ్రి పొలం పని వదిలి పోవద్దన్నాడట. తనకు కుదరనిది కొడుకుకు కుదరాలని ఆ నాన్న పిల్లవాణ్ణి లూధియానా అకాడమీలో చేర్చాడు. 2010లో, 14 ఏళ్లకే, స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఫ్లోరిడాకు పంపారు. అప్పటికి పిల్లవాడికి ఇంగ్లిష్ రాదు. (మా చిన్నాయన, ఆ నాన్న ఒకరినొకరు చూడనే లేదు, కాని ఇద్దరి మాటా ఒకటే.)

2015 జూన్‌లో డల్లాస్ మావెరిక్స్ 52వ నంబరులో సత్నామ్‌ను తీసుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బిఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. పేపర్లన్నీ పండగ చేశాయి. తరవాతి సంగతి అంత పెద్ద అక్షరాల్లో రాలేదు. రెండేళ్లు చిన్న లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్‌కు ఆడాడు. అసలు ఎన్‌బిఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ తరవాత ఇండియాలో, కెనడాలో ఆడి, 2021లో కుస్తీల కంపెనీలో చేరాడు. చెడ్డ బతుకని నేననను, కుస్తీ కూడా కష్టపడే పనే. కానీ లెక్క చూడండి. మొత్తం 60 మందిని తీసుకునే చోట 52వ నంబరు అంటే జట్టుకు పోయేది దాదాపు ఏమీ లేదు. కుర్రవాడు తయారైతే అదృష్టం, కాకపోతే ఇంకొకడు. తయారయ్యేదాకా ఎదురుచూసే ఖర్చంతా ఎవరు భరించారు? 14 నుంచి 21 దాకా ఇల్లు, భాష, బడి వదిలి ఉన్న ఆ పిల్లవాడే.

ఇప్పుడు చైనా అమ్మాయి హాన్ షు. ఆరడుగుల పదంగుళాల ఎత్తు. 2019లో 19 ఏళ్లకు న్యూయార్క్ లిబర్టీ 14వ నంబరులో తీసుకుంది. మొదటి ఏడాది 18 మ్యాచ్‌లు ఆడింది, అంతంతమాత్రమే. తరవాత రెండు సీజన్లు అమెరికాకు రానే లేదు. 2022లో తిరిగి వచ్చినప్పుడు అదే అమ్మాయి గట్టి ఆటగత్తె. ఆ ఏడాదే సిడ్నీలో ప్రపంచ కప్ రజతం గెలిచిన చైనా జట్టులోనూ ఉంది. ఆ మధ్య రెండేళ్లూ ఆమె గాలిలో వేలాడలేదు. చైనాలో ఆడటానికి లీగ్ ఉంది, దేశపు జట్టు ఉంది. అమెరికాలో కుదరకపోతే ఇంటికి వచ్చి ఆడుకునే చోటుంది. నా దృష్టిలో సత్నామ్‌కూ ఆమెకూ అసలు తేడా ప్రతిభలో లేదు, ఇక్కడే ఉంది. మన దేశంలో అప్పుడు ఆయన తిరిగి వచ్చి నిలదొక్కుకోగల బలమైన లీగ్ ఏదీ లేదు.

మరి మన ఆడవాళ్లు? కేరళకు చెందిన గీతు అన్నా జోస్ ఉంది. సదరన్ రైల్వేలో ఉద్యోగం, ఆరడుగులు దాటిన ఎత్తు. ఆస్ట్రేలియాలో క్లబ్బుకు ఆడి వచ్చింది. 2011లో మూడు డబ్ల్యుఎన్‌బిఏ జట్లు ట్రయల్స్‌కు పిలిచాయి. ఎవరూ తీసుకోలేదు. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. ఆమె తిరిగి వచ్చింది, ఉద్యోగం ఉంది, ఇండియా జట్టుకు ఆడుతూ పోయింది, తరవాత అర్జున అవార్డు కూడా అందుకుంది. "రైల్వే ఉద్యోగం పెట్టుకుని ఆడేదేముంది" అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఉంటారు. ఆ ఉద్యోగమే లేకపోతే ఆమె ఆ మూడు ట్రయల్స్‌కు ధైర్యంగా పోయేదా అని నాకు అనుమానం.

అంత దూరం ఎందుకు, మన సోలాపూర్ జిల్లా పిల్ల కిరణ్ నవ్‌గిరే లేదా! ఆట క్రికెట్టే అనుకోండి, కాని కథ ఇదే. ఇక్కడ చోటు దొరక్క నాగాలాండ్ జట్టుకు ఆడింది. వాళ్లకు ఆమె పక్కా పరాయి మనిషి. 2022లో ఒక టీ20 మ్యాచ్‌లో 162 కొట్టింది, అదే ఏడాది ఇండియా జట్టులోకి వచ్చింది. బయటి పిల్లను తీసుకుంటే సొంత పిల్లల చోటు పోతుందనేవాళ్లు నాగాలాండ్‌లోనూ ఉండే ఉంటారు. వాళ్ల మాట నెగ్గి ఉంటే మనం ఇవాళ ఆమె పేరు చెప్పుకునేవాళ్లం కాదు.

కాబట్టి నేను పంపవద్దనే పార్టీలో లేను. జట్టు చిన్నవాళ్లను, పరాయివాళ్లను తీసుకోవాలి. అయితే ఎత్తు చూసి తీసుకునే జట్టు, ఆ ఎత్తు ఆటగా మారడానికి పట్టే ఏళ్లను కూడా తన ఖాతాలో రాసుకోవాలి. ఆ ఏళ్లు పిల్ల నెత్తిన పడేసి, ఆడితే మనది, ఆడకపోతే వాళ్లది అనడం బేరమే గాని ఎంపిక కాదు. మలోంగాకు మొదటి నెలల్లో ఎక్కువ సేపు బెంచీయే దక్కింది. ఆగస్టు వచ్చేసరికి ఆట పుంజుకుంది. ఆ నెలలు ఓపిక పట్టింది సియాటిల్. 52వ నంబరుకు అంత ఓపిక ఎవరూ పట్టరు, అందుకే ఆ నంబరువాళ్ల గురించే నా బాధ.

"ఇన్ని లెక్కలు చూసుకుంటే మన గల్లీ నుంచి ఎవరూ గడప దాటరు" అని మన క్లాసులోనే ఒక అక్క అంది. నిజమే, కొంత. హోట్గి రోడ్ మీది ఎయిర్‌పోర్టు కోసం 2023లో చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీనే పడగొట్టారు. 2025 జూన్‌లో గోవా విమానం లేచింది. మా చెల్లెలు మిద్దె ఎక్కి దాన్ని చూస్తుంది. అది ఎటో పోతుందని తెలిసిన పిల్లను ఇంట్లో కట్టేయలేం. కాని ఆ విమానానికి కూడా తిరుగు టికెట్టు ఉంటుంది కదక్కా!

మొన్న ఆదివారం చిన్నమ్మ చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని అకాడమీ వాళ్లకు మరాఠీలో ఉత్తరం రాశాను. పిల్లను ఏ బడిలో చేరుస్తారు? పదో తరగతి పరీక్ష ఎక్కడ రాస్తుంది? మోకాలికి దెబ్బ తగిలితే డాక్టర్ ఖర్చు ఎవరిది? రెండేళ్ల తరవాత వద్దనుకుంటే టీసీ ఎన్ని రోజుల్లో ఇస్తారు? చిన్నమ్మ చేతులు ఆపకుండానే "ఇంకోటి రాయి" అంది. "దానికి ఇంటి మీద బెంగొస్తే ఫోన్ ఇస్తరా అని."

రాశాను. జవాబు ఇంకా రాలేదు.