పెద్ద చప్పుడుకు చిన్న హాలు

నూకాంబిక అమ్మవారి జాతర చూసిన అనకాపల్లి వారికి పెద్ద చప్పుడు కొత్త కాదు. తప్పెటగుళ్ళ వారు గుండెకు కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ ఎగిరితే ఆనందించే ప్రాంతం మనది. అలాంటి ఊరిలో ఎలక్ట్రిక్ గిటారు పట్టిన కుర్రవాళ్ళకు వాయించుకునే చోటే దొరకడం లేదు.

మా వీధి కుర్రవాళ్ళు నలుగురు ఏడాదిపాటు మేడమీది గదిలో, కిటికీలకు పాత పరుపులు అడ్డం పెట్టి సాధన చేశారు. కిందటి వేసవిలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. వారు వాయించేది సినిమా పాటలు కావని, 'మెటల్' అనే రకమని తెలియగానే యజమాని అడ్వాన్సు వాపసు చేశారు. డ్రమ్ములు వాయించే అబ్బాయి సెట్టు అమ్మేసి ఉద్యోగానికి చెన్నై వెళ్ళిపోయాడు. తక్కిన ముగ్గురూ గిటార్లు మూల పెట్టారు.

ఈ సంగీతం నాకు నచ్చుతుందని కాదు. గొంతు చించుకుని పాడేది సగం అర్థం కాదు. అయినా దీని పుట్టుక తెలుసుకోదగినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే యువకునికి రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. అతడు ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, తేలిక తీగలు వేసుకుని గిటారు వాయించాడు. అతని 'బ్లాక్ సబాత్' బృందం తొలి రికార్డు 1970లో వచ్చింది. మన హైదరాబాదులో 2015లో మొదలైన 'గాడ్‌లెస్' 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బం తెచ్చింది.

సినిమాతో, పెద్ద కంపెనీలతో సంబంధం లేని ఇలాంటి బ్యాండ్లకు చిన్న హాళ్ళే ఆధారం. న్యూయార్కులో 1973లో పల్లె పాటల కోసమని తెరచిన 'సి.బి.జి.బి.' అనే ఇరుకు హాలు చివరకు వీరికే నెలవయింది. 2006లో మూతబడింది గాని, 1980లలో అక్కడ కుర్రకారు కోసం ఆదివారం మధ్యాహ్నం కచేరీలు పెట్టేవారు. ఆ పద్ధతి మనకు సరిగ్గా సరిపోతుంది.

ఇరుగుపొరుగు నిద్ర, పిల్లల చదువు సంగతేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు వాడరాదు. నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఊరేగింపు డి.జె. పెట్టెలను ఈ లెక్క ఎవరూ అడగరు. పట్టపగలు తలుపులు మూసుకుని వాయిస్తామన్న వారినే అడుగుతారు!

మన పట్టణం 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. సంస్థ వారు ఏదో ఒక కమ్యూనిటీ హాలును నెలకొక ఆదివారం మధ్యాహ్నం నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. లేదా బెల్లం దిమ్మలు లేక ఖాళీ పడిన గిడ్డంగి ఉన్న వర్తకులెవరైనా ముందుకు రావాలి. బయటికి పోయేందుకు రెండు దారులు, మంటలార్పే సాధనాలు ఉండాలి. మద్యం ఉండకూడదు, సాయంత్రం ఏడుకల్లా ముగించాలి. ఈ షరతులకు ఆ కుర్రవాళ్ళు ఆనాడే ఒప్పుకున్నారు.

అమ్మేసిన డ్రమ్ముల సెట్టు ఇప్పుడు ఒక బ్యాండుమేళం వారి దగ్గర ఉంది. మొన్న రాత్రి పదకొండు గంటలకు పెళ్ళి ఊరేగింపులో మా వీధిలోంచే మోగుతూ వెళ్ళింది.