గోధుమలు, గురుగులు



ఒకప్పుడు సినిమా చూడాలంటే మన పల్లెవారు బస్సెక్కి పట్నం పోవలసి వచ్చేది. ఇంట్లో పెద్దలకు తెలియకుండా పోవడం అంత సులభం కాదు. నేడు లోకమంతటి సినిమాలు మన పిల్లల చేతిలోని ఫోనులోనికే వస్తున్నాయి. "చూడవద్దు" అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. మంచిచెడ్డలు వేరుపరచి చూడడం వారికి నేర్పాలి. అందుకే ఈ నెల పెద్దల హాస్యచిత్రం ఒకదానిని గూర్చి మాట్లాడదలచాము.

2005లో అమెరికాలో విడుదలైన "ది 40 ఇయర్ ఓల్డ్ వర్జిన్" అనే చిత్రమిది. దర్శకుడు జడ్ అపటౌ. నాయకునిగా నటించిన స్టీవ్ కారెల్ దర్శకునితో కలిసి కథ కూడా వ్రాశారు. అక్కడ దీనికి "ఆర్" గుర్తు ఇచ్చారు. అంటే 17 ఏండ్లలోపు వారు పెద్దవారి తోడు లేకుండా హాలులోనికి పోరాదు.

కథ ఇది. ఆండీ టీవీలు, రేడియోలు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. కారు లేదు, సైకిలు మీద తిరుగుతాడు. డబ్బాలు విప్పని బొమ్మలు ఇంటినిండా దాచుకున్నాడు. నలభై ఏండ్లు వచ్చినా స్త్రీని ఎరుగడు. ఒక రాత్రి పేకాట దగ్గర తోటి పనివారికి ఈ సంగతి తెలిసిపోతుంది. అక్కడనుండి ఎగతాళి, ఆపైన దుర్బోధ మొదలవుతుంది.

ముందు గురుగుల మాట చెబుతాము. సంభాషణల నిండా బూతులే. త్రాగి ఒళ్లు తెలియని స్త్రీలను వెదకమని స్నేహితులు సలహా ఇస్తారు. దానిని కూడా నవ్వులాటగానే చూపించారు. స్త్రీ ఒక మనిషి అన్న సంగతి చాలా సన్నివేశాలలో మరచిపోయారు. ఇంటిల్లిపాది కలిసి కూర్చుని చూడదగినది కాదని నిస్సందేహంగా చెబుతున్నాము.

అయినా అందులో గోధుమలు లేకపోలేదు. సలహా ఇచ్చిన ఆ స్నేహితుల బ్రతుకులే చెడి ఉన్నాయని కథ నెమ్మదిగా బయటపెడుతుంది. ఒకడు విడిచిపోయిన స్త్రీని తలచుకొని ఏడుస్తుంటాడు, ఇంకొకడు తనవాళ్లనే మోసగిస్తాడు. ఆండీ మాత్రం ట్రిష్ అనే స్త్రీని కలుసుకుంటాడు. ఆమె పిల్లల తల్లి, అప్పటికే అమ్మమ్మ కూడా. తొందరపడకుండా ముందు ఒకరినొకరు తెలుసుకుందామని వారు ఒప్పుకుంటారు. ఆమె కుమార్తెను తోటివారు గేలిచేసినప్పుడు, తన సిగ్గును పక్కన పెట్టి ఆ పిల్ల పక్షాన నిలబడతాడు. చివరకు పెండ్లి అయిన తరువాతనే వారు ఒకటవుతారు. లోకం నవ్విన మనిషే చివరకు నెగ్గాడు.

అయితే ఒక మంచి ముగింపు కోసం అంత బురద త్రొక్కాలా? యౌవనస్థులకు అవసరం లేదని మా అభిప్రాయం. బురద మనసుకు అంటుకున్నంత త్వరగా, చివరి పది నిమిషాల నీతి అంటుకోదు.

ఇక మనలను మనం ప్రశ్నించుకోవలసిన మాట ఒకటి ఉంది. ఆండీని నవ్వులపాలు చేసింది పేకాటరాయుళ్లు. మన మధ్య ఆ పని ఎవరు చేస్తున్నారు? ముప్పై దాటినా పెండ్లి కాని తమ్ముణ్ణి, చెల్లెలిని ఆరాధన ముగిసి గుమ్మం దాటకముందే "ఇంకా ఎప్పుడు?" అని అడిగేది మనమే కదా! చదువో, అప్పులో, తల్లిదండ్రుల జబ్బో వారిని ఆపి ఉండవచ్చు. నలుగురిలో ఆ ప్రశ్న విన్నవారు మరుసటి ఆదివారం రావడానికే జంకుతారు. పవిత్రంగా ఉండమని వేదికమీద చెప్పి, అలా ఉన్నవారిని గుమ్మం దగ్గర గేలిచేస్తే మన బోధకు విలువేముంటుంది?

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాల వేళ మీ పిల్లలను ఒక ప్రశ్న అడగండి. "మీ స్నేహితులు ఎవరిని చూసి నవ్వుతారు?" జవాబు ఓపికతో వినండి. ఫోను లాక్కోవడం కన్న ఆ మాటామంచీ ఎక్కువ మేలు చేస్తుంది.